పి.పి. అనే రెండక్షరాలు

"డేటా మొత్తం క్లీన్ చేసేశాం సార్" అనే మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా ఎదురింటి అమ్మాయి ఏదో పేమెంట్ల కంపెనీలో పని చేస్తుంది. మొన్న మెట్ల మీద నిలబడి ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ ఆ మాటే అంటుంటే, నేను పాల ప్యాకెట్టు పట్టుకుని అక్కడే ఆగిపోయాను. "ఏమైంది అంకుల్?" అని అడిగింది. ఏమీ లేదమ్మా అని లోపలికి వచ్చేశాను. ఆ పిల్ల తప్పు లేదు. నా కోపం నా మీద, ఇంకొకాయన మీద. ఇది చదివే మీలో చాలామంది అలాంటి ఉద్యోగాల్లోనే ఉంటారు గనక ఆ రోజు చెప్పనిది ఇప్పుడు మీకు చెప్తాను. పేర్లు మాత్రం రాయను. రాయడం మొదలుపెడితే ఒకాయన పేరు పక్కన నేను వాడే మాటలు అచ్చుకు పనికిరావు.

ముందు పి.పి. అంటే ఏమిటో చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరింది చిత్తూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, ట్రంకు కాల్స్ కలిపే ఆపరేటరుగా. తొంభైలు వచ్చినా మా బోర్డు మీదుగానే ఫోన్ చేయాల్సిన పల్లెలు ఇంకా కొన్ని ఉండేవి. ఫలానా మనిషితోనే మాట్లాడాలి అని అడిగితే దాన్ని పర్టిక్యులర్ పర్సన్ కాల్, పొట్టిగా పి.పి. కాల్ అనేవాళ్ళం. ఆ మనిషి వచ్చి ఫోన్ అందుకునేదాకా నేను లైన్లో కాచుకుని ఉండేవాణ్ణి. అవతల ఎవరో వీధిలోకి పోయి పేరు పెట్టి కేకేసేవాళ్ళు. కాసేపటికి పరుగెత్తుకొచ్చిన ఆయాసం, ఆ తర్వాత "అలో" అని గట్టిగా ఒక అరుపు వినబడేవి. జనం ఆ రెండక్షరాలను మెల్లగా తమ సొంతం చేసుకున్నారు. ఇంట్లో ఫోన్ లేనివాళ్ళు పక్కింటి నంబరో అంగడి నంబరో ఇచ్చి, దాని పక్కన పి.పి. అని రాసేవాళ్ళు. పెళ్ళి పత్రికల మీద, ఉద్యోగం దరఖాస్తుల మీద, అన్నిటి మీదా ఉండేది. ఈ నంబరు నాది కాదు, ఇక్కడికి చేస్తే నన్ను పిలుస్తారు అని దాని అర్థం. ఇది తెలియనివాడు ఆ రోజుల్లో మా జిల్లాలో లేడు. నాకైతే అది అన్నం పెట్టిన మాట.

సెల్‌ఫోన్లు వచ్చాక ట్రంకు బోర్డు మూలపడింది. నేను ముందుగానే పదవీ విరమణ తీసుకుని కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, రెండువేల దశకం చివరలో తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో చేరాను. రైల్వే స్టేషను వెనక వీధిలో, మేడ మీద రెండు గదులు. మా పని ఏమిటంటే ఇతరుల తరఫున జనానికి సెల్‌ఫోన్ వాలెట్లలోకి డబ్బు పంపడం. ఇప్పుడు మీకు ఇది నవ్వులాట. అప్పుడు వాలెట్ అంటే బెంగుళూరులోనే సగం మందికి తెలియదు. సెల్ నంబరే ఖాతా నంబరు. మేము పేరు, సెల్ నంబరు, ఎంత డబ్బు అని ఒక పట్టీ తయారుచేసి, మా కంప్యూటరు నుంచి వాలెట్ కంపెనీ కంప్యూటరుకు పంపేవాళ్ళం. దాన్ని మా వాళ్ళు ఏ.పి.ఐ. అనేవాళ్ళు. ఆ నంబరు మీద వాలెట్ లేకపోతే అదే తెరిచేది, ఉంటే అందులో వేసేది. వేశాక మా తెర మీద పచ్చగా "సక్సెస్" అని వచ్చేది. పేరుకూ నంబరుకూ పొత్తు కుదిరిందా లేదా అనే సంగతి అది అడిగేది కాదు. అడగాల్సిన మనుషులం మేము.

ఆఫీసులో నాతో పని చేసింది ముఖ్యంగా ఇద్దరు. ఒకరు ప్రోగ్రాములు రాసే అమ్మాయి, పుత్తూరు దగ్గర పల్లె నుంచి వచ్చింది, నెమ్మదిగా మాట్లాడుతుంది, అర్థం కానిది అడక్కుండా వదలదు. ఇంకొకాయన మేనేజరు. వారానికి ఒకసారి బెంగుళూరు నుంచి కారులో దిగేవాడు. ఆయనకు జనం లెక్కలేదు, పచ్చరంగు వరుసలే లెక్క. ఎన్ని వరుసలు పచ్చగా ఉన్నాయో పై వాళ్ళకు చూపించడానికి బొమ్మలు గీయించుకునేవాడు.

మాకు దొరికిన మొదటి పెద్ద పని పలమనేరు వైపు ఒక ప్రైవేటు డెయిరీది. పాలు పోసే ఆడవాళ్ళకు పదిహేను రోజులకొకసారి ఇచ్చే బిల్లు నోట్లుగా కాకుండా వాలెట్లలో వేయాలి. పాల కేంద్రాల్లో దరఖాస్తులు నింపించి మూటలు కట్టి పంపారు. వాటిని కంప్యూటరులోకి ఎక్కించాం. శుక్రవారం డెయిరీ యజమానుల ముందు మొదటి బిల్లు పంపి చూపించాలి. గురువారం మధ్యాహ్నం నేను ఫోన్లో మేనేజరుతో చీవాట్లు తింటూ ఉంటే ఆ అమ్మాయి వచ్చి నా బల్ల దగ్గర నిలబడింది.

"సార్, ఒక ఊరి పట్టీలో ముప్పై నాలుగు వరుసలు ఎర్రగా వస్తా ఉండాయి. నంబరు తర్వాత పి, పి అని ఉండాది. అంకెలు తప్ప ఇంకేమీ తీసుకోదు కదా అది. పి.పి. అంటే ఏంది సార్?"

నేను ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి ఒకే మాట అన్నాను: "తీసేయమ్మా."

అంతే. ఆమె తీసేసింది. ఎర్ర వరుసలు పచ్చగా మారాయి. మేనేజరు ఆ సాయంత్రం కారు దిగి వచ్చి నా భుజం తట్టి, "డేటా క్లీన్ అయిపోయింది కదా, వెరీ గుడ్" అన్నాడు. ఇరవై ఏళ్ళు పి.పి. కాల్స్ కలిపిన వాణ్ణి నేను. ఆ భుజాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యంగా ఉంటుంది.

మొదటి బిల్లు వెళ్ళిన నాలుగు రోజులకు ఆ ఊరి పాల కేంద్రం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నేనే ఎత్తాను.

"సారూ, మా పాల దుడ్లు యాడ?"

"మీ నంబరుకు పడిపోయింది తల్లీ, సక్సెస్ అని చూపిస్తా ఉంది. మీ సెల్‌లో చూసుకోండి."

"మాకు సెల్లే లేదు కదప్పా, యాడ సూసుకునేది?"

ఈ మాట నాతో ఒకరు కాదు, ముగ్గురు ఆడవాళ్ళు మూడు వేర్వేరు రోజుల్లో అన్నారు. సెల్లే లేని మనిషికి నంబరు ఎక్కడిది అని నాకు తట్టలేదు. తెలియక మాట్లాడుతున్నారనుకున్నాను. తెర మీద పచ్చ రంగు చూసి, ఎదుటి మనిషి చెప్పే మాట నమ్మకపోవడం ఎంత సులువో అప్పుడు నేర్చుకున్నాను. రెండో బిల్లు కూడా అలాగే వెళ్ళింది. రెండోసారి కూడా వాళ్ళకు అందలేదు. ఆవులకు తవుడు కొనలేక పాలు పోయడం మానేస్తామని వాళ్ళు కేంద్రం ముందు కూర్చుంటే, డెయిరీ సూపర్‌వైజరు మా మేనేజరును పట్టుకున్నాడు. అప్పుడు గానీ మేము పట్టీ తీసి చూడలేదు. ముప్పై నాలుగు పేర్లకూ ఒకటే నంబరు. రెండు బిల్లులూ కలిపి మొత్తం ఒకే వాలెట్లో పడ్డాయి.

మేనేజరు ముఖంలో వెలుగు చూడాలి మీరు. "దొరికింది! ఇది ఫ్రాడ్" అన్నాడు. ఆ నంబరు ఆ ఊర్లో సోడాలు, బీడీలు అమ్మే చిన్న బంకు నడిపే ఆమెది. దరఖాస్తులు నింపింది కూడా ఆమే. ఇంకేం కావాలి? వాలెట్ ఆపేయించాడు. సూపర్‌వైజరు చేత పోలీసు స్టేషనులో ఫిర్యాదు పెట్టించాడు. ముప్పై నాలుగు అనగానే నేనన్న "తీసేయమ్మా" నాకు గుర్తొచ్చింది. ఆ అమ్మాయి నా వంక చూసింది. నేను తల తిప్పుకున్నాను.

మర్నాడు కంపెనీ తరఫున కాగితాలు తీసుకుని స్టేషనుకు నన్నే పంపాడు. తిరుపతి నుంచి చిత్తూరు, చిత్తూరు నుంచి పలమనేరు, అక్కడి నుంచి ఆటో. దారి పొడుగునా లోడెత్తుకుని పోయే టమాటా లారీలు. వాటిని చూస్తూ నేను ఒకటే మాట అనుకుంటూ వచ్చాను, ఇది నేననుకున్నది కాకపోవచ్చు అని.

స్టేషను వరండాలో బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. నలభై ఏళ్ళ లోపే. చేతిలో పాత సెల్‌ఫోన్, వైరుతో చుట్టిన చార్జరు. పక్కన నిలబడిన ఆమె భర్త టమాటా లారీ డ్రైవరు, తల ఎత్తడంలేదు. గేటు అవతల పాలు పోసే ఆడవాళ్ళు పది పన్నెండు మంది. ఆమెనే చూస్తున్నారు, ఎవరూ దగ్గరకు రావడంలేదు. ఎస్సై లోపలికి పిలిచి నా కాగితం చదివి ఆమెను అడిగాడు.

"దుడ్లన్నీ నీ నంబరుకే పడినాయంట కదమ్మా?"

"నాకేం తెలుసు సార్. మెసేజీలు ఊరికే వస్తానే ఉండాయి, అంతా ఇంగిలీసు. డబ్బా నిండిపోతే వేరేవాళ్ళవి రావని ఎప్పుటికప్పుడు తుడిపేస్తిని. ఈ ఫోను నాదొక్కదానిదేనా? వీధంతా దీనికే కదా ఫోన్ చేసేది. మా ఊర్లో కాయిన్ బాక్సు ఉన్నప్పుటి నుంచి నేనే పిలిచేది."

తర్వాత నా వైపు తిరిగింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"దరకాస్తులో నంబరు రాయమంటే, వీళ్ళకు లేదు కదా అని నాది రాసినా. నాది అనుకుంటారేమో అని ప్రతిదాని పక్కనా పి.పి. అని రాసినా అన్నా. రెండు సుక్కలు పెట్టి మరీ రాసినా. ముప్పై నాలుగిట్లోనూ రాసినా. ఆ రెండచ్చరాలు యాడికి పోయినాయన్నా?"

ఎస్సై నా వైపు చూశాడు. "పి.పి. ఉంటే సంగతే వేరే కదయ్యా. మా ఇంటికీ చిన్నప్పుడు పి.పి. నంబరే. ఉండిందా అట్లా?"

నిజం చెప్పడానికి నాకు ఒక్క క్షణం పట్టేది. "ఉండింది సార్, నేనే తీసేయమన్నాను" అంటే చాలు. నా ఉద్యోగ ఒప్పందం ఆ నెలలోనే మళ్ళీ రాయాలి. మేనేజరు ముఖం కళ్ళ ముందు ఆడింది. యాభై దాటినవాడికి ఇంకెవడు ఉద్యోగం ఇస్తాడు అని ఒక లెక్క. వీటన్నిటి కింద అసలు కారణం సిగ్గు. నేను అన్నది ఇది:

"దరఖాస్తులు ఆఫీసులో ఉన్నాయి సార్. చూసి చెప్తాను."

చూడటానికి ఏముంది? ఆమె నా ముఖం చదివింది. ఫోనూ చార్జరూ కొంగులో చుట్టుకుని బయటికి నడిచింది. భర్త మాత్రం గేటు దాటుతూ, నాకు వినబడేలాగే అన్నాడు: "దొంగదాని మొగుడు అనిపించుకోని ఆ వీధిలో నేను బతకలేను. ఈ పొద్దే ఏదో ఒకటి సేస్తా."

ఆఫీసుకు చేరేసరికి సాయంత్రం అయిదు దాటింది. ఆ అమ్మాయి బల్ల మీద దరఖాస్తుల మూట విప్పి పెట్టుకుని కూర్చుని ఉంది. ఒక్కొక్క కాగితం తిప్పుతోంది. అందమైన చేతిరాత. పది అంకెలు, ఆ పక్కన పి, చుక్క, పి, చుక్క.

"నేనడిగినాను సార్ మిమ్మల్ని" అంది.

"అవునమ్మా."

"మీకు తెలుసు కదా సార్ ఏందో అది?"

"తెలుసు."

"తెలిసి ఏంటికి తీసేయమన్నారు సార్? నాకు తెలీదు, నేను అడిగితిని. మీకు తెలుసు." నా కూతురు వయసు పిల్ల నన్ను అలా అడుగుతుంటే నేను నిలబడి విన్నాను. ఆమె ఇంకొక సంగతి కూడా చూసి పెట్టింది. ఆ వాలెట్లో పడ్డ డబ్బు పడ్డట్టే ఉంది. ఒక్క రూపాయి ఎవరూ తీయలేదు. తీయాలంటే రహస్య నంబరు కావాలి, అది వచ్చిన మెసేజీని బంకు ఆమె ఎప్పుడో తుడిపేసింది. దొంగిలించిన డబ్బును నెల రోజులు ముట్టుకోకుండా ఉంచే దొంగ ఎవరు? మేనేజరు ఫిర్యాదు పెట్టించే ముందు ఒక్క మీట నొక్కి ఉంటే ఇది కనబడేది.

మేనేజరుకు ఫోన్ చేసి రెండూ చెప్పాను. అవతల నుంచి ఏ తొందరా లేని గొంతు. "కాగితం కాగితమే. మన రికార్డు కంప్యూటరులో ఉన్నదే. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే తప్పు మనదని ఒప్పుకున్నట్టు, డెయిరీ పోతుంది. ఆ మూట గోడౌన్లో పడేయించండి. వాళ్ళే ఊర్లో మాట్లాడుకుని సర్దుకుంటారు." ఆయన అన్న మాటల్లో నేను మరిచిపోలేనిది చివరిది. వాళ్ళు నిజంగానే ఊర్లో సర్దుకున్నారు. ఎలాగో చెప్తాను.

మర్నాడు మొదటి బస్సుకు నేను, ఆ అమ్మాయి దరఖాస్తుల మూట తీసుకుని బయలుదేరాం. ఆఫీసు ఆస్తి దొంగిలించాను అనుకోండి, అభ్యంతరం లేదు. ఎస్సై ముందు మూట విప్పి, ఆపరేటరుగా నేను ఎన్నేళ్ళు చేశానో, పి.పి. అంటే ఏమిటో, దాన్ని తీసేయమన్నది ఎవరో అన్నీ చెప్పి కాగితం మీద రాసిచ్చాను. కింద ఆ అమ్మాయి కూడా సంతకం పెట్టింది. వద్దమ్మా, నీ ఉద్యోగం పోతుంది అన్నాను. "నేను తీసేసినాను కదా సార్, నాది కూడా ఉండాల" అంది. ఆ క్షణంలో మా ఇద్దరిలో పెద్దమనిషి ఎవరో ఎస్సైకి కూడా అర్థమైంది. ఆయన కాగితం రెండుసార్లు చదివి నన్ను అడిగాడు.

"నిన్న ఏంటికి చెప్పలేదయ్యా?"

నేను జవాబు చెప్పేలోపే ఆయన కానిస్టేబులును పంపి ఆమెను పిలిపించాడు. భార్యాభర్తలు ఇద్దరూ వచ్చారు. ఎస్సై ఆమెతో, "నీ తప్పేం లేదమ్మా, దుడ్లు అట్నే ఉండాయి, ఎవరివి వాళ్ళకు ఇస్తారు" అని చెప్పాడు. ఆమె భర్త ఎస్సై బల్ల దగ్గరకు వచ్చాడు.

"ఆవును అమ్మేస్తిమి కద సార్" అన్నాడు.

ముందురోజు సాయంత్రం, నేను ఆఫీసులో దరఖాస్తులు చూస్తున్న వేళకే, గుడియాత్తం నుంచి వచ్చిన బేరగాడికి వాళ్ళు తమ సీమావును, అంటే జెర్సీ రకం ఆవును, ఇచ్చేశారు. పూట పూటకు పాత్ర నిండా పాలిచ్చే ఆవు, పైగా చూడిది. అవసరం కనిపెట్టిన బేరగాడు ఎంతిచ్చి ఉంటాడో మీరే ఊహించుకోండి. అది చాలక ఆమె కమ్మలు కూడా కుదువ పెట్టి, రాత్రి పడేలోగా ఇంటింటికీ తిరిగి పాల డబ్బు కట్టేశారు. చేయని దొంగతనానికి. ఆ డబ్బంతా అప్పుడు ఆమె నంబరు మీదే, ఆమె తీయలేని వాలెట్లో భద్రంగా ఉంది. ముందురోజు నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఆవు కొట్టంలోనే ఉండేది.

ఆమె మాత్రం ఏడవలేదు. నా వైపు చూసి, "నిన్ననే తెలుసు కదన్నా నీకు" అంది. ప్రశ్న కాదు అది.

ఆ తర్వాత జరిగినవన్నీ రూలు ప్రకారం జరిగాయి. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. వాలెట్లో డబ్బు వెనక్కి రప్పించి డెయిరీ చేత ఆడవాళ్ళకు నోట్లుగా ఇప్పించారు. వాళ్ళు మంచివాళ్ళు, ఆమె కట్టిన డబ్బు ఆమెకు తెచ్చి ఇచ్చారు. కమ్మలు విడిపించుకున్నారు. ఆవు కోసం ఆమె భర్త గుడియాత్తం సంతకు రెండుసార్లు వెళ్ళాడట, దాని జాడ దొరకలేదు. మా కంపెనీ నివేదికలో ఈ మొత్తం వ్యవహారానికి "డేటా నాణ్యతలో చిన్న లోపం" అని ఒక్క వాక్యం కేటాయించారు. అది రాసిన మేనేజరు మరుసటి ఏడు ఇంతకన్నా పెద్ద కంపెనీలో ఇంతకన్నా పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు ఎక్కడో పేదలకు డబ్బు చేరవేయడం ఎలాగో ఉపన్యాసాలు ఇస్తుంటాడని విన్నాను. వినగానే కంచం ముందు నుంచి లేచిపోయాను, మా ఆవిడ సాక్షి. ఆ అమ్మాయి నెల తిరక్కుండా రాజీనామా చేసి వెళ్ళిపోయింది. నేనా? ఒప్పందం మళ్ళీ రాసిస్తే సంతకం పెట్టి ఇంకో రెండేళ్ళు అక్కడే జీతం తీసుకున్నాను. నన్ను తీసేయకపోవడం కూడా ఆయన లెక్కే, బయటికి పోతే నోరు విప్పుతానని. లోపల ఉండి నేను విప్పిందీ లేదు.

ఆ రెండేళ్ళలో నేను చేసిన పనికొచ్చే పని ఒకటుంది. దరఖాస్తులో నంబరు గడి కింద "ఈ ఫోన్ ఎవరిది?" అని ఇంకొక గడి పెట్టించాను. దానికి ఎనిమిది నెలలు పోట్లాడాల్సి వచ్చింది. ఒక గడి పెరిగితే కాగితం ఖర్చు పెరుగుతుందన్నారు.

ఆ కొత్త దరఖాస్తులు పట్టుకుని నేను ఆ ఊరు వెళ్ళాను. నిజానికి దరఖాస్తులు సాకు, ఆమెను క్షమించమని అడగాలని పోయాను. బంకు ఇంకా నడుస్తూనే ఉంది. ముందు వేలాడే రేకు మీద అంతకుముందు "ఇక్కడ ఫోన్ కలదు" అని రాసి ఉండేదట. దాని మీద సున్నం కొట్టేశారు, అక్షరాలు లోపల నుంచి లీలగా కనబడుతున్నాయి. ఆమె నన్ను చూసి సోడా కొట్టి ఇచ్చింది, డబ్బు తీసుకుంది. నేను నీళ్ళు నములుతూ ఏదో అనబోతుంటే, ఒకావిడ కొంగు నడుముకు చుట్టుకుంటూ గబగబా వచ్చింది.

"అక్కా, మా సిన్నోడు మదనపల్లి ఆసుపత్రిలో ఉండాడు. వాళ్ళ నాయన ఫోన్ సేస్తానన్నాడు. వచ్చిందా?"

"నా కాడ ఫోన్ లేదు పాపా."

"అదేందక్కా, నీ నంబరే కదా ఇచ్చింది నేను?"

"ఇయ్యద్దు అని అందరికీ చెప్పినా కదా. ఇంగ నా నంబరు ఎవురికీ ఇయ్యద్దండి."

ఆవిడ ఆమె ముఖం, నా ముఖం ఒకసారి చూసి, వచ్చినంత వేగంగానే రోడ్డు వైపు వెళ్ళిపోయింది. నేను సోడా సీసా పట్టుకుని ఉన్నాను. ఆవిడ మలుపు తిరిగిన కాసేపటికి బంకులో బీడీ కట్టల వెనక నుంచి ఫోన్ మోగింది. ఆమె గాజు సీసాలు తుడుస్తూ నా వంకే చూస్తోంది. ఒకప్పుడు ఆ శబ్దానికి ఆమె వీధిలోకి పరుగెత్తి పేరు పెట్టి కేకేసి ఉండేది. ఫోన్ చాలాసేపు మోగింది. ఆమె ఎత్తలేదు.